నత్త నీళ్లలో దురద

శ్రోతలకు నమస్కారం. నాట్ల రోజుల్లో కయ్యలో దిగే ఆడవాళ్లకు ఈ బాధ తెలుసు. నీళ్లు తగిలినంత మేర చురచురమని దురద, తెల్లారేసరికి ఎర్రటి పొక్కులు. చెరువులో బర్రెల్ని కడిగి వచ్చిన పిల్లలకూ ఇంతే. ఇంట్లో ‘నీళ్లు పడలేదు’ అంటారు, లేదా యూరియా మీద నెపం వేస్తారు. ఎరువుల వల్లా దురద వస్తుంది, కాదనను. కానీ ఎరువు పడని చెరువులో దిగినా అదే దురద వస్తే, గట్టు వారగా నాచు పైకి తీసి చూడండి.

అక్కడ కనబడే చిన్న నత్తల సంగతే నేను చెబుతున్నది. కూర వండుకునే పెద్ద నత్త కాదు. భూచక్రంలా చదునుగా చుట్టుకుని, ముదురు గోధుమరంగులో ఉంటుంది. పశువుల రక్తనాళాల్లో బతికే ఒక పురుగుకు ఈ నత్తే పుట్టిల్లు. పురుగు గుడ్లు పశువు ఒంట్లోంచి నీళ్లలో పడి పిల్ల అవుతాయి. ఆ పిల్ల నత్తలో దూరి, వందలు వేలుగా పెరిగి, మళ్లీ నీళ్లలోకి వస్తుంది. చీలిన తోకతో ఈదుతుంది, కంటికి ఆనదు. ఒకటి రెండు రోజుల్లో పశువు దొరక్కపోతే చచ్చిపోతుంది.

ఆ హడావుడిలో మన కాలు తగిలినా చర్మంలోకి దూరుతుంది. మనిషి ఒళ్లు దానికి సరిపడదు, అక్కడే చస్తుంది. దాన్ని తరిమే పనిలో మన ఒళ్లు చేసే గొడవే ఆ దురద. విచిత్రమేమంటే, మొదటిసారి పెద్దగా తెలియదు, దిగిన కొద్దీ ఎక్కువవుతుంది. అందుకే కొత్త కోడలు హాయిగా ఉంటే, ఏళ్లుగా నాట్లు వేసే అత్త గోక్కుంటూ ఉంటుంది!

ఈ పురుగుల్లో ఒక రకం ఎద్దు ముక్కులో చేరుతుంది. ముక్కు లోపల కాయలు కట్టి, ఊపిరి తీస్తే గుర్రుమని శబ్దం వస్తుంది. రైతులు గురక జబ్బు అంటారు. దాన్ని 1933లో వర్ణించినది రావు అనే శాస్త్రవేత్త, మద్రాసులో. అప్పుడు మన నెల్లూరు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆ ఎద్దు నీళ్లు తాగడానికి మూతి పెడితే చీమిడితో పాటు గుడ్లూ చెరువులో పడతాయి. కాబట్టి గురక పెట్టే ఎద్దును పశువుల డాక్టరుకు చూపించడం ఊరికీ మేలే.

పక్షుల్లోనూ ఇలాంటి పురుగులున్నాయి. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఒక సరస్సులో ఈతగాళ్ల దురదకు ఇలాంటి పురుగు పిల్లలే కారణమని కార్ట్ అనే శాస్త్రవేత్త 1928లో తేల్చారు. కోతలయ్యాక మన కయ్యల్లో బాతుల మందలు తోలుతారు కదా. నత్తల్ని అవి తింటాయని మనకు సంతోషం. తింటాయి, నిజమే. కానీ బాతుల్లోనూ ఈ పురుగులు ఉండొచ్చు.

నత్తల్ని చంపాలని చెరువులో మైలుతుత్తం కలపకండి, చేపలు పోతాయి. నాచు పట్టిన గట్టు వారన పిల్లల్ని ఎక్కువసేపు నానబెట్టకండి. బయటికి రాగానే, ఒంటి మీద నీళ్లు ఆరకముందే పొడి తువ్వాలుతో గట్టిగా తుడవండి. దురద మొదలైతే గోకవద్దు. చల్లటి నీళ్ల గుడ్డ వేసి, కాలమైన్ లోషన్ రాస్తే చాలు, వారం పది రోజుల్లో తగ్గుతుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు, టెన్షన్ అక్కర్లేదు. పొక్కులు చీము పట్టినా, జ్వరం వచ్చినా మాత్రం ఆసుపత్రికి వెళ్లి, ఏ నీళ్లలో దిగారో కూడా డాక్టరుకు చెప్పండి.