చంద్రగిరి పిల్లలతో గోడ బొమ్మ: ముందు గోడ సంగతి

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి నుంచి డ్రాయింగు మాస్టార్లు ఇంతమంది వచ్చారు. బొమ్మలు వేయడం మీకు నేర్పక్కర్లేదు, గోడ గురించే ఎక్కువ చెబుతాను.

ఒడిశా గజపతి జిల్లాలోని చంద్రగిరి టిబెటన్ల కాలనీ 1963లో వెలిసింది. ఇవాళ బడిలో ఉన్న పిల్లల్లో చాలామంది ఇక్కడే పుట్టారు. ‘మీ వలస బాధ గీయండి’ అని వాళ్లను అడక్కండి, అది తాతల బరువు. బడికొచ్చే దారిలో ఏం కనిపిస్తుందో అడిగితే మొక్కజొన్న చేలు, బస్సు, కుక్కలు అవే వస్తాయి. తెలుగు, ఒడియా, సవర పిల్లల్నీ పక్కనే కూర్చోబెట్టండి. సవరల ఇడితల్ బొమ్మను మాత్రం అలంకారంగా దించొద్దు, అది పూజకు సంబంధించింది.

గోడ 20 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు అనుకుందాం. పాత సున్నాన్ని వైరు బ్రష్షుతో పూర్తిగా గీకాలి, లేకపోతే పైన వేసిన ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడ రంగు) సున్నంతో సహా పెచ్చులూడుతుంది. గీకాక ఒక పాలిథిన్ ముక్కకు నాలుగు అంచులా టేపు వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున గోడవైపు చెమట పట్టిందంటే ఇంకా తడి ఉన్నట్టే. కొత్త ప్లాస్టరింగయితే 28 రోజులు ఆగాలి, తొందరపడితే ఉప్పు పొంగి రంగు పొక్కుతుంది. బయటి గోడలకు ముందు వేసే అడుగు పూత, అంటే ఎక్స్‌టీరియర్ ప్రైమర్ లీటరున్నర, తెల్ల ఎమల్షన్ రెండు పూతలకు రెండున్నర లీటర్లు చాలు. బొమ్మకు ఎరుపు, పసుపు, నీలం, నలుపు లీటరు చొప్పున కొనండి. ఖర్చు తగ్గుతుందని తెలుపులో స్టెయినర్ (కలుపుకునే చిక్కటి రంగు) గుమ్మరిస్తే రంగు సరిగా ఆరదు, చేత్తో రాస్తే అంటుకుంటుంది.

వానలు పోయాక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను. కొండమీద మంచు కురుస్తుంది కాబట్టి పదింటికి మొదలెట్టి మూడింటికి ఆపేయండి. టిబెటన్ల కొత్త సంవత్సరం లోసార్ రోజుల్లో మాత్రం పెట్టుకోకండి, పిల్లలు దొరకరు.

పిల్లల బొమ్మను గోడమీదికి పెంచి దించడానికి కాగితం మీద అంగుళం గడి, గోడమీద అడుగు గడి. తంకా, అంటే గుడ్డ మీద వేసే టిబెటన్ బౌద్ధ చిత్రాలు, వేసేవాళ్లు కూడా కొలతగీతలతోనే మొదలెడతారు, కాలనీలో ఆ పని తెలిసిన పెద్దలుంటే గడులు వాళ్లచేతే గీయించండి. ఒక్కో గడికి ఇద్దరు పిల్లలు, అంతకు మించితే తోపులాటే.

అన్నిటికన్నా ఎక్కువగా చెడేది ఇక్కడ: సాయంత్రం పిల్లలు వెళ్లాక మాస్టారు నల్లరంగు తీసుకుని వంకర గీతలన్నీ సరిచేస్తారు. మర్నాడు ఆ పిల్లాడొచ్చి చూస్తే కుక్కకు నాలుగు కాళ్లూ సమానంగా ఉంటాయి, తనదేదో వాడికి తెలియదు. ఇక బ్రష్షు పట్టడు. బ్రష్షులు కడిగి మీ దగ్గరే తాళం వేసి పెట్టుకోండి, మీరూ ముట్టుకోకండి.

కింది అడుగు మేర బొమ్మ వద్దు, వానకు బురద చిందుతుంది. అక్కడ ముదురు రంగు పట్టీ వేయండి. బుద్ధుడి రూపం గానీ ప్రార్థన జెండాలు గానీ గీస్తామంటే కాళ్లకు అందని పై వరసలోనే. ఫొటోలకు తల్లిదండ్రుల ఒప్పుకోలు ముందే రాయించుకోండి, గోడ మీద పిల్లల ఇంటి పేర్లు రాయొద్దు. మిగిలిన రంగులు మూతలు బిగించి, డబ్బాల మీద తేదీ వేసి బడిలో దాచండి. వచ్చే దసరా తర్వాత ఊడినచోట అద్దడానికి పనికొస్తాయి.