శాలువా కప్పినందుకు

పెద్దలకు, డాక్టరమ్మకు, ఆశా చెల్లెళ్లకు నమస్కారం. కోస్గి చుట్టుపక్కల 32 ఏండ్లు ఏఎన్ఎంగ తిరిగిన. పొగిడింది చాలు గని, నా తప్పొకటి చెప్పి దిగుత.

ఓ అవ్వ నాలుగేండ్ల మనుమన్ని ఎత్తుకొచ్చింది. అమ్మానాయినలు పుణెల కూలికి పోయిన్రు. "నీళ్లు పోస్తుంటే ఎడమ డొక్కల గట్టిగ తాకుతుంది బిడ్డా" అన్నది. ఒత్తి చూసిన. ఒక్కసారి గాదు, నాలుగుసార్లు. పోరడు కిక్కుమనలే. నొప్పి లేదు గద, కడుపుల బల్ల (ప్లీహం వాపు) అయ్యుంటదని నులిపురుగుల గోలీ ఇచ్చి పంపిన. అవ్వ ఇంటికాడ ఆముదం రాసి కడుపు నలిపిస్త అన్నది. నేను వద్దనలే.

నెలకు మూత్రం ఎర్రగ వస్తుందని మళ్ల ఉరికొచ్చింది. స్కానింగ్‌ల కిడ్నీ మీద కణితి. విల్మ్స్ కణితి అంటరు, కిడ్నీ క్యాన్సర్, ఐదేండ్ల లోపు పిల్లలకే ఎక్కువొస్తది. ఒత్తితే, నలిపితే పగిలి కడుపంత చిమ్మొచ్చు. అట్ల చిమ్మితే, ఆపరేషన్‌తోని, కీమో సూదులతోని పోయేదానికి కరెంటు (రేడియేషన్) గూడ పెట్టాల్సొస్తది. చెల్లెళ్లూ, గడ్డ తాకిందా, చెయ్యి తియ్యుండ్రి. స్కానింగ్‌కు పంపుండ్రి. మళ్ల చెప్తున్న, చెయ్యి తియ్యుండ్రి.

పోరన్ని పట్నం ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానకు తీస్కపోయినం. 2007ల ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలల్ల మన పాలమూరొకటి, ఆ కార్డే ఆదుకున్నది. ముందు సూదులు, గడ్డ కుంగినంక ఆపరేషన్ చేసి ఆ కిడ్నీ తీసేసిన్రు, మళ్ల సూదులు. వింక్రిస్టిన్ అనే కీమో సూది వడ్డంక పోరడు పాదం ఈడ్వబట్టిండు. "నడిచే పిలగాని కాలు పడగొట్టిన్రు" అని నాయిన చెప్పకుంటనే పుణెకు ఎత్కపోయిండు.

సగంల మానితే రోగం తిరగబెడ్తది. ఫోన్ మీద ఫోన్ కొట్టిన. మోతాదు తగ్గిస్తే కాలు మెల్లగ సర్దుకుంటదయ్యా అని బతిమాలిన. తిట్టిన గూడ. పన్నెండో రోజు బస్సు దిగిన్రు. పైసలున్న దేశాలల్ల ఈ రోగమొచ్చిన 10 మంది పిల్లలల్ల 9 మంది బతుకుతున్నరు, మనకాడ నడుమల మానుడే పెద్ద దెబ్బ. పదిహేను దాటిన పిల్లలకు కిడ్నీల వచ్చేది ఎక్కువగ వేరే రకం క్యాన్సర్, దానికి ఈ సూదులు అంత పని చెయ్యవు, ఆపరేషనే దిక్కు. అది డాక్టరమ్మ చెప్తది.

పోరడిప్పుడు మూడో తరగతి. ఒంటి కిడ్నీ గాబట్టి బీపీ చూస్తుండాలె. బక్క చేతికి పెద్దోళ్ల పట్టీ చుడితే బీపీ తక్కువ చూపిస్తది. పిల్లల పట్టీ ఒక్కటి ఇయ్యుండ్రని మూడేండ్లు కాయితాలు పెట్టిన, రాలె.

ఈ శాలువా ఏ దుకాణంల కొన్నరో చెప్పుండ్రి. వాపస్ తీస్కుంటరేమో అడుగుత.