గోడ మీది బొమ్మ అరచేతిలోకి వచ్చాక

శ్రోతలకు నమస్కారం. రేడియోలో కూర్చుని స్లైడ్ల గురించి మాట్లాడటం నాకే కాస్త నవ్వొస్తోంది. చూపించడానికి ఇక్కడ ఒక్క బొమ్మ కూడా లేదు. అయినా ఆన్‌లైన్ మీటింగుల్లో నేను పడ్డ తిప్పలు చెప్పడానికి బొమ్మలు అక్కర్లేదులెండి.

నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, నల్లబల్ల పోయి ల్యాప్‌టాప్ ముందుకొచ్చింది. షేర్ బటన్ నొక్కితే మొత్తం స్క్రీన్ చూపించాలా, ఒక్క విండో చాలా అని అడుగుతుంది కదా. నేను ఉదారంగా మొత్తం స్క్రీన్ ఇచ్చేశాను. పాఠం మంచి రసపట్టులో ఉండగా కింద మూలన మా బావమరిది మెసేజ్ ప్రత్యక్షమైంది: "బావా, ఈ నెల కూడా చీటీ డబ్బులు కట్టలేదట?" అరవై మంది పిల్లలు చదివారు. ఎవరూ నవ్వలేదు. అందరూ మ్యూట్‌లో ఉన్నారు మరి.

ఆ రోజు నుంచి నోటిఫికేషన్లు ఆపేసి, స్లైడ్లున్న విండో ఒక్కటే షేర్ చేస్తున్నాను. దానికీ ఒక మెలిక ఉంది. ముందు స్లైడ్ షో మొదలుపెట్టి, ఆ తర్వాత ఆ షో విండోనే ఎంచుకోవాలి. అటుదిటైతే మీ ముందు స్లైడ్లు చకచకా మారుతుంటాయి, అవతలివాళ్లకు మాత్రం మొదటి పేజీయే బిగుసుకుపోయి కనబడుతుంటుంది.

ఇవన్నీ రెండు మీటింగుల్లో అలవాటైపోతాయి. నాకు చాలా ఆలస్యంగా తెలిసింది ఇంకొకటి. స్లైడ్లు తయారుచేసే పవర్‌పాయింట్ ప్రోగ్రాం 1987లో మొదట మాకింతోష్ కంప్యూటర్ల కోసం వచ్చింది. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టే పారదర్శక షీట్లు తయారుచేసుకోవడం అప్పట్లో దాని ముఖ్యమైన పని. అంటే గదిలో, గోడ మీద, పెద్దగా కనబడాల్సిన వస్తువు. మన మీటింగులో సగం మంది దాన్ని ఫోన్‌లో చూస్తున్నారు, అదీ బస్సులోనో వంటింట్లోనో.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇప్పుడు మామూలుగా తెరుచుకునే స్లైడ్ వెడల్పు సుమారు 34 సెంటీమీటర్లు. నిలువుగా పట్టుకున్న ఫోన్ తెర వెడల్పు దాదాపు 7. స్లైడ్ ఐదో వంతుకు కుంచించుకుపోతుంది. మీరు 20 పాయింట్ల సైజులో పెట్టిన అక్షరం అక్కడ 4 పాయింట్లు. మందు సీసా మీది అక్షరాలే నయం.

తెలుగు అక్షరానికైతే కష్టం ఇంకా ఎక్కువ. ద కింద చిన్న గీత పెడితే ధ అవుతుంది. నెట్ బలహీనంగా ఉంటే బొమ్మ మసకబారుతుంది, ముందు పోయేది ఆ గీతే. వత్తులు కింది వరుస గుడులకు తగులుకుంటాయి. అందుకే నేను స్లైడ్‌కు నాలుగు వరుసలు మించనివ్వను, అక్షరం 40 పాయింట్లకు తగ్గనివ్వను, వరుసల మధ్య ఎడం బాగా ఉంచుతాను. ఎక్సెల్ పట్టికను ఉన్నదున్నట్టు అతికించి "మీకు సరిగా కనబడకపోవచ్చు" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కనబడదని తెలిసి చూపించడం దేనికి? అందులో కావాల్సిన రెండంకెలు తీసి పెద్దగా రాస్తే పోయేది.

ఎగిరొచ్చే అక్షరాలు, తిరిగే బొమ్మలు మానేశాను. అవతలికి అవి కుంటుకుంటూ వెళ్తాయి.

ఇక చూపుడు వేలు. క్లాసులో "ఇదిగో, ఇక్కడ" అంటే సరిపోయేది. ఆన్‌లైన్‌లో ఆ వేలు ఎవరికీ కనబడదు. మౌస్ బాణం గింగిరాలు తిప్పినా ఫోన్‌లో చీమంతే. "కుడివైపు పైన ఎర్ర గీత చూడండి" అని నోటితో చెప్పాలి. స్లైడ్ మార్చాక ఒక ఊపిరి తీసుకునేంత సేపు ఆగాలి, ఎందుకంటే మాటా బొమ్మా ఎప్పుడూ ఒకేసారి చేరవు. వీడియో వినిపించాలంటే షేర్ చేసేటప్పుడే సౌండ్ గడిలో టిక్కు పెట్టాలి. అది మరిచి మూకీ సినిమా వేసినవాణ్ణి నేను.

"కనబడుతోందా, వినబడుతోందా" అని ప్రతి రెండు నిమిషాలకూ అడిగే పని తప్పించుకోవడానికి ఓ ఉపాయం ఉంది. నా ఫోన్‌తో కూడా అదే మీటింగులో చేరి పక్కన పెట్టుకుంటాను. దాని మైకు, స్పీకరు రెండూ కట్టేస్తాను, లేకపోతే కీచుమని చెవులు చిల్లులు పడతాయి. అవతలివాళ్లు ఏం చూస్తున్నారో అదే నా పక్కన ఉంటుంది.

మొన్నామధ్య స్వయం సహాయక సంఘాల వాళ్లకు లెక్కల పుస్తకం రాయడం గురించి చెబుతున్నాను. చివర్లో ఒకావిడ మ్యూట్ తీసి, వెనక కుక్కర్ విజిల్ వేస్తుండగా, "సార్, ఆ అప్పుల బొమ్మ ఇంకోసారి చూపిస్తారా?" అన్నారు. పాతరోజుల్లో అయితే ఒక్కో స్లైడే వెనక్కి తోసుకుంటూ వెళ్లేవాణ్ణి. ఆ స్లైడ్ నంబరు 7 కొట్టి ఎంటర్ నొక్కాను, వచ్చేసింది. "ఆఁ, ఇదే సార్. కాస్త ఆపండి, రాసుకుంటాను," అన్నారు. ఆపాను. ఆవిడ రాసుకునేలోగా కుక్కర్ ఇంకో రెండు విజిల్స్ వేసింది.

సెలవు, నమస్కారం.