మరునాడు

అయ్యగారికి, సంఘ పెద్దలకు, అక్కలకు, తమ్ముళ్లకు వందనాలు.

ఏటా డిసెంబరు 25న మనం వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి పోతాం. మంచానికో బ్రెడ్డు ప్యాకెట్టు, రెండు అరటిపండ్లు, చివర్లో బ్యానర్ పట్టుకుని ఫొటో. ఆ ఫొటోల్లో నేనూ ఉన్నా, ముందు వరుసలోనే. తప్పని అనను. 26న ఆ వార్డులో మనవాళ్లు ఎవరున్నారని మాత్రం అడుగుతున్నా.

మంచి సమరయుని కథ సండే స్కూలు పిల్లలను అడిగినా చెప్తారు. దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషి గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడు, తన వాహనం మీద ఎక్కించుకుని సత్రానికి తీసుకుపోయాడు. మనం అక్కడికే ఆమెన్ అనేస్తాం. లూకా 10:35 చూడండి, ‘మరునాడు’ అనే మొదలవుతుంది. అంటే ఆ రాత్రి అతను అక్కడే ఉన్నాడన్నమాట. తెల్లారి పూటకూళ్లవాని చేతిలో రెండు దేనారాలు పెట్టాడు. దేనారమంటే ఆ రోజుల్లో ఒక దినం కూలి. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఖాతా పెట్టి పోయాడు!

మా అమ్మ పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నప్పుడు చాలామంది వచ్చి తల మీద చేయి పెట్టి ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలు నాకు బలమే. కానీ పొద్దుగాల రక్తపరీక్ష కాగితం పట్టుకుని లైన్లో నిలబడితే అమ్మ దగ్గర ఎవరూ ఉండేవారు కాదు. మా వాడకట్టు అక్క ఒకామె రోజూ ఏడింటికి టిఫిన్ డబ్బాతో వచ్చి, “నువ్వు పో తమ్ముడూ, నేను కూసుంట” అనేది. ఆమె చర్చికి రాదు. బతుకమ్మ పేర్చే ఇల్లు వాళ్లది. క్రియలు లేని విశ్వాసం మృతమని చెప్పే యాకోబు పత్రిక రెండో అధ్యాయం నాకు ఆ డబ్బా మూత తీసినప్పుడు అర్థమైంది.

నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆస్పత్రి తెరిచింది స్కాట్లాండు నుంచి వచ్చిన డాక్టరమ్మ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్. పైసలిచ్చి ఆదుకున్నది నర్సాగౌడ్ అనే హిందూ దాత. సమరయుడు కూడా యూదులకు బయటివాడే కదా! అప్పటి మందు ఒక చెట్టు గింజల నూనె. దాన్ని సూదితో ఎక్కించాలి. నొప్పి. ఒక్కసారితో అయ్యేది కాదు, నెలల తరబడి. ఆ రోగానికి డిసెంబరు 25 భక్తి సరిపోదు.

“క్రియల వల్ల రక్షణ రాదు కదా అన్నా” అని మన యూత్ తమ్ముళ్లు అడుగుతారు. రాదు. ఎఫెసీ 2:9 అదే చెప్తుంది. మరి పదో వచనం? సత్‌క్రియలు చేయడానికే మనల్ని సృష్టించాడని అక్కడే ఉంది. తొమ్మిది దగ్గర బైబిలు మూసేస్తే ఎట్లా?

భూపాలపల్లి నుంచి, ములుగు నుంచి రోగిని పట్టుకుని వచ్చినవాళ్లకు ఇక్కడ చుట్టాలుండరు. వాళ్లకు కావలసింది ఒక గంట మంచం దగ్గర కూర్చునే మనిషి, ఏ కౌంటరు ఎక్కడుందో చూపే మనిషి.

వెనుక బెంచీ మీద ఒక నోటుబుక్కు పెట్టాను. డిసెంబరు 26 నుంచి జనవరి నెలాఖరు దాకా తేదీలు గీసి ఉన్నాయి, రోజుకు ఇద్దరు. నా పేరు సోమవారాలకు రాసుకున్నా. టీ తాగి పోయేటప్పుడు చూడండి. ఆదివారాలకు మనిషి దొరకడం కష్టమే, ఆరాధన ఉంటుంది కాబట్టి. అయ్యగారూ, దాని సంగతి మీరే చెప్పాలి.