680 రూపాయల థర్మోస్టాట్‌కి 3,210 బిల్లు ఎందుకైంది?

నమస్తే అండీ. నా అరచేతిలో ఉన్న ఈ ఇత్తడి బుడిపె చూశారా? కారు ఇంజిన్ వేడిని అదుపులో పెట్టే థర్మోస్టాట్, నా బండిలోంచి తీసిన పాతది. కొత్తదాని రేటు 680 రూపాయలు. దీన్ని మార్పించడానికి నాకైన ఖర్చు 3,210. మిగతా డబ్బు ఎటు పోయిందో బిల్లు ముందు పెట్టుకుని చూద్దాం.

మాది 2009 మోడల్ చిన్న పెట్రోల్ కారు. పోయిన మే నెలలో బెజవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఉండగా టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా వెళ్లిపోయింది. బండి పక్కకి తీసి ఇంజిన్ ఆపేశాను. ఒక మాట, అలాంటప్పుడు కంగారులో రేడియేటర్ మూత తిప్పకండి. లోపల నీళ్లు ప్రెషర్‌లో ఉంటాయి, మొహం మీదకి చిమ్ముతాయి.

దగ్గర్లో ఉన్న మెకానిక్ చూసి, "థర్మోస్టాట్ వాల్వ్ పట్టేసింది సార్, తీసేద్దాం. మన ఎండలకి ఇదెందుకు?" అన్నాడు. 300 తీసుకుని పీకేశాడు. ముల్లు దిగింది, నాకూ ప్రాణం లేచొచ్చింది.

డిసెంబర్లో తెలిసొచ్చింది. తెల్లవారుజామున హైదరాబాద్ బయల్దేరితే, నందిగామ దాటినా ముల్లు కింద గీత వదల్లేదు. అప్పటికే లీటరుకి 16 ఇచ్చే బండి 13కి పడిపోయింది. నేనేమో ఇన్నాళ్లూ పెట్రోల్ బంకు వాళ్లని తిట్టుకుంటూ కూర్చున్నా.

ఈ బుడిపెలో ఉండేది మైనం. నా బండికైతే 82 డిగ్రీల దగ్గర అది కరిగి, ఉబ్బి, లోపలి పిన్నుని తోస్తుంది. వాల్వ్ తెరుచుకుంటుంది, కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, రేడియేటర్‌కి వెళ్తుంది. చల్లబడగానే స్ప్రింగు మళ్లీ మూసేస్తుంది. కరెంటు లేదు, సెన్సర్ లేదు. దాన్ని పీకేస్తే ఇంజిన్ స్టార్ట్ చేసిన క్షణం నుంచీ కూలెంట్ రేడియేటర్ గుండా తిరుగుతూనే ఉంటుంది. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కారులోని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. కాలకుండా మిగిలిన పెట్రోల్ కొంత సిలిండర్ గోడల మీదుగా దిగి ఇంజిన్ ఆయిల్‌ని పలచన చేస్తుంది. ఇంకో తిరకాసు ఉంది. కొన్ని ఇంజిన్లలో ఈ వాల్వే బైపాస్ దారిని కూడా మూయాలి. అది లేకపోతే వేడి నీళ్లలో కొంత రేడియేటర్ మొహం చూడకుండానే వెనక్కి వచ్చేస్తుంది. అంటే మన ఎండల కోసమే తీసేసిన బండి, ఆ ఎండల్లోనే మళ్లీ వేడెక్కొచ్చు!

సరే, రేట్లు. సర్వీస్ సెంటర్లో అడిగితే 5,400 చెప్పారు. హౌసింగ్‌తో, అంటే దాన్ని బిగించే గూడుతో, కలిపి సెట్‌గానే మారుస్తారట. నేను ఆటోనగర్ వెళ్లాను. పార్ట్ 680, లీకు కాకుండా మధ్యలో పెట్టే గాస్కెట్ 60. కొనేటప్పుడు దాని మీద డిగ్రీలు ముద్ర వేసి ఉంటాయి, పాతదాని మీద ఉన్న నంబరే ఉందో లేదో చూసుకోండి.

మజూరీ 600 అని మాట్లాడుకున్నాం. 1,100 అయింది. కారణం ఒక్క బోల్టు. ఇన్నేళ్లూ కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసిన పాపం, హౌసింగ్ బోల్టు తుప్పుపట్టి తల విరిగిపోయింది. డ్రిల్ చేసి తీయడానికి గంటన్నర. తప్పు నాదే కాబట్టి బేరమాడలేదు. పై హోస్ పైపు నొక్కితే పగుళ్లు కనిపించాయి, అది 450. కలిపి అమ్మే రెడీ కూలెంట్ నాలుగు లీటర్లు, 920. అన్నీ కూడితే 3,210.

పాత బండికి ఎస్టిమేట్ వేసుకునేటప్పుడు పార్ట్ రేటు చూసి సంబరపడకండి, దాని చుట్టూ ఉన్నవి చూడండి. కొన్ని కొత్త కార్లలో కరెంటుతో పనిచేసే థర్మోస్టాట్లు, ప్లాస్టిక్ హౌసింగ్‌తో కలిసే వచ్చేవి ఉంటాయి. వాటి లెక్క వేరు, ఈ బిల్లుతో పోల్చుకోవద్దు.

బిగించాక, కూలెంట్ దారిలో చిక్కుకున్న ఎయిర్ తీయించడం మర్చిపోవద్దు. నా బండికి మొదటిసారి సరిగ్గా తీయలేదు, ఇంటికొచ్చేలోపే ముల్లు మళ్లీ ఎగిరింది. వెనక్కి వెళ్తే డబ్బులు తీసుకోకుండానే సరిచేశాడు.

ఇప్పటికి నాలుగు నెలలు. ముల్లు మధ్యలో కుదురుగా నిలబడుతోంది, మైలేజీ 15 దాటింది. నా వరకు ఈ 3,210 గిట్టుబాటే. మే నెలలోనే వేయించి ఉంటే ఆ 300 కూడా మిగిలేది.

కొత్తది కొన్న రోజు, పాతదాన్నీ కొత్తదాన్నీ మరిగే నీళ్లలో వేసి చూశాను. కొత్తది కళ్లముందే నోరు తెరిచింది, పాతది ఉలకలేదు పలకలేదు. మీరూ ఈ టెస్ట్ చేయొచ్చు, కానీ పనికిరాని గిన్నె వాడండి. పాతదానికి అంటుకుని ఉండే కూలెంట్ విషం. నేను తొందరలో పాల గిన్నె తీసుకున్నాను. అది ఇప్పుడు షెడ్డులో స్పానర్ల పక్కన ఉంది, మా ఆవిడ కొత్త గిన్నె డబ్బులు ఇంకా అడుగుతూనే ఉంది. దాంతో లెక్కేస్తే బిల్లు 3,210 కాదనుకోండి.