గిటార్‌కీ మిక్సర్‌కీ నడుమ ఆ చిన్న పెట్టె

కడపలోని ఒక రికార్డింగ్ స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమం. పాల్గొన్నవారు: మైక్‌సెట్ నడిపే సౌండ్ ఆపరేటర్, స్టూడియో రికార్డిస్ట్, చర్చిలో గిటార్ వాయిస్తూ పిల్లలకు నేర్పే టీచర్.

సమన్వయకర్త: నమస్కారం. డిసెంబర్ వచ్చిందంటే మన జిల్లాలో ఊరూరా చర్చిల్లో గిటార్లు మోగుతాయి. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలు ఎలాగూ ఉన్నాయి. అక్కడి స్పీకర్ బాక్సుల్లోంచి గిటార్ కంటే ముందు ‘గుయ్’ మనే రొద వినబడటం మనందరికీ అనుభవమే. అందుకే ఈరోజు గిటార్‌కీ, స్వరాలన్నీ కలిపి సర్దే మిక్సర్‌కీ నడుమ పెట్టే చిన్న పెట్టె, డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) బాక్స్ గురించి మాట్లాడుకుందాం. అన్నా, మీరే మొదలుపెట్టండి.

సౌండ్ ఆపరేటర్: గిటార్ స్టేజీ మీద ఉంటాది. మిక్సర్ యాడుంటాది? జనాల వెనకాల, వంద అడుగుల అవతల. గిటార్ వైరు ఇరవై అడుగులు దాటినాదంటే అది ఏరియల్ మాదిరి పని చేస్తాది. సీరియల్ లైట్లు, డిమ్మర్, జనరేటర్, అన్నిటి రొదా లాక్కుంటాది. డీఐని గిటార్ వాయించే మనిషి కాళ్లకాడ పెడితే, ఆడినుంచి మిక్సర్ దాకా పోయేది మూడు పిన్నుల మైకు వైరు. అందులో రెండు తీగల్లో ఒకే సిగ్నల్, ఒకటి తిరగేసి పోతాది. దోవలో అంటుకున్న రొద మాత్రం రెండిట్లోనూ ఒకే తీరుగా ఉంటాది. మిక్సర్ ఆ రెండిటి తేడా తీసుకుంటాది కాబట్టి రొద కొట్టుకపోయి పాట మిగుల్తాది.

టీచర్: రొద సంగతి సరే అన్నా. నన్ను ఎక్కువ బాధపెట్టేది స్వరం మారిపోవడం. ఇంట్లో అంత బాగా పలికిన గిటార్ చర్చి మిక్సర్‌లో పెడితే దుప్పటి కప్పినట్టు ఉంటుంది. పిల్లలు తమ చేతిలోనే లోపముందని అనుకుంటారు. ఒక పాప వాయించడమే మానేస్తానంది.

రికార్డిస్ట్: ఆ పాప చేతిలో ఏ లోపమూ లేదు మేడం. ఉండండి, ఇక్కడే వినిపిస్తా. ఇది ఎలక్ట్రిక్ గిటార్, తీగల కదలికను సిగ్నల్‌గా మార్చేది అయస్కాంతపు పికప్. దీన్ని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెడుతున్నా. (‘ఇ మైనర్’ (E minor) కార్డ్ వాయించారు. మందంగా, పై స్వరాలు లేకుండా వినిపించింది.) ఇప్పుడు యాక్టివ్ డీఐ, అంటే కరెంటుతో నడిచే డీఐలోంచి అదే కార్డ్. (తీగ మీద గోరు తగిలిన చప్పుడు కూడా విడిగా తెలిసింది.)

టీచర్: అబ్బ! అదీ గిటార్ అంటే.

రికార్డిస్ట్: మధ్యలో నేను ఏ నాబూ తిప్పలేదు. ఇంపిడెన్స్ అంటే సిగ్నల్‌కి అడ్డుపడే గుణం; ఇన్‌పుట్‌లో ఆ అంకె తగ్గేకొద్దీ పికప్ మీద లోడు పెరుగుతుంది. లైన్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ సుమారు 10 కిలో ఓములు, మైక్ ఇన్‌పుట్‌ది 2 కిలో ఓముల దగ్గర. గిటార్ పికప్ కోరేది 1 మెగా ఓము, అంటే లైన్ ఇన్‌పుట్‌కి వంద రెట్లు. బక్క ఎద్దును నిండు బండికి కట్టినట్టు, అంత లోడు మోయలేక పికప్ పై స్వరాలన్నీ వదిలేస్తుంది. డీఐ గిటార్ వైపు తేలిగ్గా కనబడి, మిక్సర్ వైపు మైకులా కనబడుతుంది. దాని అసలు పని అదే.

సమన్వయకర్త: మరి అకూస్టిక్ గిటార్‌కీ ఇదే కథా?

రికార్డిస్ట్: తిరగబడిన కథ. తీగలు ఆనే బ్రిడ్జి కింద, ఒత్తిడిని సిగ్నల్‌గా మార్చే పీజో పికప్ ఉంటుంది. అది కెపాసిటర్ లాంటిది. లోడు పడితే దాంట్లో పోయేది బాస్, అంటే కింది స్వరాలు. రేకు డబ్బా మీద కొట్టినట్టు పీలగా పలుకుతుంది. బ్యాటరీ ప్రీఆంప్ లేని పీజోకి 10 మెగా ఓముల ఇన్‌పుట్ ఉన్న యాక్టివ్ డీఐ అయితే మేలు. గిటార్‌లోనే 9 వోల్టుల బ్యాటరీ, వాల్యూమ్ నాబ్ ఉంటే ఆ ప్రీఆంప్ ముందే బలంగా పంపిస్తుంది. అప్పుడు మామూలు పాసివ్ డీఐ చాలు.

సౌండ్ ఆపరేటర్: చానామంది ఈడనే తప్పు కొంటారు. పాసివ్ దాంట్లో ట్రాన్స్‌ఫార్మర్ తప్ప ఏమీ ఉండదు, కరెంటు అక్కర్లేదు. కీబోర్డు, ట్రాకులు పెట్టే ల్యాప్‌టాప్, వీటికి అదే రాజా. ఛార్జర్ పెడితే ల్యాప్‌టాప్ బుర్రుమంటాది చూడండి, దానికి మందు ఇదే. ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్లకూ నడుమ తీగ కలవదు, సిగ్నల్ అయస్కాంతంతోనే దాటతాది. యాక్టివ్ దానికి మిక్సర్ నుంచి మైకు వైరులోనే వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాల, లేదంటే బ్యాటరీ. ఫాంటమ్ వేసేటప్పుడు, జాక్ పీకేటప్పుడు ఛానల్ మ్యూట్ చేయాల. లేకుంటే ‘ధబ్’మని బాక్సుల మీద పడతాది.

సమన్వయకర్త: పెట్టె పక్కన ‘గ్రౌండ్ లిఫ్ట్’ అని మీట ఉంది కదన్నా?

సౌండ్ ఆపరేటర్: ఈ మాట గట్టిగా చెప్పాల. గిటార్ ఆంప్‌కి (ఆంప్లిఫయర్‌కి) స్టేజీ కాడ ఒక ప్లగ్గు, మిక్సర్‌కి ఇంకోచోట ఇంకో ప్లగ్గు. రెండు ఎర్తులూ ఒక్క తీరుగా ఉండవు. ఆ తేడా వల్ల మైకు వైరు షీల్డులో, అంటే తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగులో, కరెంటు పారి హమ్మొస్తాది. మీట నొక్కితే మైకు వైరు ఒకటో పిన్ను తెగుతాది, అంతే. గిటార్‌కి ఆంప్ ద్వారా ఎర్త్ ఉండనే ఉంటాది. ఆంప్ లేకుండా ఒక్క గిటార్ డీఐలోకి పోతా ఉంటే మాత్రం నొక్కగూడదు. దానికున్న ఎర్త్ ఆ మైకు వైరే, తెగితే రొద ఇంకా పెరుగుతాది. కొందరు మీట నొక్కే బదులు ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేస్తారు.

టీచర్: విరిచేస్తే హమ్ పోతుందని నాకూ చెప్పినారు అన్నా.

సౌండ్ ఆపరేటర్: పోతాదమ్మా, మనిషి గూడా పోతాడు. ప్రొద్దుటూరు పక్క పల్లెలో ఒక క్రిస్మస్ రాత్రి. ఆంప్ ఎవరో తెచ్చినారు, ప్లగ్గుకి రెండే పిన్నులు. నేను జనరేటర్ పనిలో పడి చూసుకోలేదు. పిల్లోడు పదైదేళ్లుంటాడు. ఎడమచెయ్యి తీగల మీద పెట్టి పాడదామని మైకుకి మూతి ఆనించినాడు. నిలబడినోడు నిలబడినట్టే వెనక్కి పడె. మెయిన్ పీకేసినాం. బతికినాడు. పెదవి మీద తెల్లగా బొబ్బ లేచింది, వాళ్లమ్మ దాన్ని వేలితో తడమతా కూర్చుంది. ఆ రాత్రి నుంచి మూడో పిన్ను లేని ప్లగ్గు ఏదీ నా స్టేజీ ఎక్కలేదు.

(కొంతసేపు నిశ్శబ్దం.)

సమన్వయకర్త: అన్నా, ఇది చెప్పినందుకు చాలా థాంక్స్. ఇక రికార్డింగ్ సంగతి. ఇంట్లో పాట చేసుకునే పిల్లలు డీఐ కొనాలా సార్?

రికార్డిస్ట్: చాలామందికి అక్కర్లేదు. గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ మీద ‘ఇన్‌స్ట్రుమెంట్’ అనో ‘హై జెడ్’ అనో బటన్ ఉంటే డీఐ పని అదే చేస్తుంది. పది అడుగుల వైరు చాలు, ఆ డబ్బుతో మంచి తీగలు కొనుక్కోండి. డీఐ విలువ తెలిసేది ఆంప్‌కి మైకు పెట్టి రికార్డు చేసేటప్పుడు. గిటార్‌ని డీఐలోకి, వచ్చిన సిగ్నల్‌ని అలాగే బయటికిచ్చే దాని ‘త్రూ’ జాక్ నుంచి ఆంప్‌కి పంపి రెండూ రికార్డు చేస్తాం. రేపు ఆంప్ స్వరం నచ్చకపోతే వాయింపు శుభ్రంగా దాచి ఉంటుంది. రీఆంప్ బాక్స్‌తో ఆ ట్రాక్‌నే మళ్లీ ఆంప్‌లోకి పంపొచ్చు. మైకు ఆంప్‌కి ఒక అడుగు దూరంలో ఉంటే డీఐ ట్రాక్ కంటే మైకు ట్రాక్ దాదాపు 0.9 మిల్లీసెకండ్ల ఆలస్యం. రెంటినీ జరిపి కలపకపోతే స్వరం బోలుగా వస్తుంది.

టీచర్: స్వరాన్ని కరుకుగా చేసే డిస్టార్షన్ పెడల్‌ని నేరుగా డీఐలో పెడితే కందిరీగల తుట్టె కదిపినట్టు వస్తుంది. అదెందుకు సార్?

రికార్డిస్ట్: గిటార్ ఆంప్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక బాగా తగ్గిపోతుంది. ఆ కరుకుదనాన్ని అది మింగేస్తుంది. చర్చి బాక్సులు మింగవు. క్యాబినెట్ సిమ్యులేషన్, అంటే ఆంప్ స్పీకర్‌ని అనుకరించే సదుపాయం ఉన్న ప్రాసెసర్ వాడండి. ఇంకొకటి, ఆంప్ స్పీకర్ అవుట్‌ని మామూలు డీఐలో ఎప్పుడూ పెట్టొద్దు, కాలిపోతుంది.

సమన్వయకర్త: చివరగా అన్నా, రేపు రాత్రి ప్రోగ్రాం ఉంది, కొత్త ఊరు, కొత్త జనరేటర్. గిటార్ చేతికిచ్చే ముందు మీరేం చేస్తారు?

సౌండ్ ఆపరేటర్: మల్టీమీటర్ ఏసీ వోల్టుల్లో పెడతా. ఒక పుల్ల గిటార్ తీగ మీద, ఇంకోటి మైకు జాలీ మీద. ఒకటి రెండు వోల్టులకు మించి చూపిచ్చిందంటే పాట మొదలు పెట్టనీను. ఊరి పెద్దలు తొందర చేసినా సరే. ఎర్త్ యాడ తెగిందో వెతికి, కట్టి, మళ్లీ పుల్లలు పెట్టి చూస్తా. అంకె సున్నా కాడికొస్తే అప్పుడు ‘వాయించు నాయనా’ అని గిటార్ చేతికిస్తా.