బరువు ఆపరేషన్: ఏ భయం ఏ రోజుది?

శ్రోతలకు నమస్కారం.

బరువు తగ్గే ఆపరేషన్‌కు తేదీ ఖాయమైందనగానే ఇంట్లో మొదలయ్యే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. "మత్తులోంచి లేవకపోతే?" అని తల్లి. "లోపల కుట్లు ఊడితే?" అని భర్త. "కడుపు కోయించుకోవడం ఎందుకమ్మా, పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టరాదా?" అని పక్కింటావిడ. ఆపరేషన్ చేయించుకోబోయే మనిషి మాత్రం రాత్రి రెండింటిదాకా ఫోన్లో వీడియోలు చూస్తూ కూర్చుంటుంది.

ఆ భయం పనికిమాలినదేమీ కాదు. చిక్కల్లా ఏమిటంటే, దాన్నంతా ఆపరేషన్ థియేటర్ మీదే ఖర్చు పెట్టేస్తారు. ఇంటికొచ్చే వేళకు "గండం గడిచింది" అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి ఈ ఆపరేషన్ తెచ్చే పెద్ద చిక్కుల్లో చాలావరకు బయటపడేది ఇంటికొచ్చాకే. ఒక్కోదానికీ ఒక్కో వారం ఉంది. ఏది ఎప్పుడొస్తుందో తెలిస్తే ఎప్పుడు జాగ్రత్త పడాలో తెలుస్తుంది.

ముందు ప్రాణభయం సంగతి. అమెరికాలో 4,776 మంది మీద జరిపిన ఒక పెద్ద అధ్యయనం 2009లో వెలువడింది. అందులో మొదటి 30 రోజుల్లో చనిపోయినవారు వెయ్యికి ముగ్గురు. ఏదో ఒక పెద్ద చిక్కు వచ్చినవారు నూటికి నలుగురు. ఆ తర్వాత అనుభవం, పరికరాలు పెరిగి మరణాలు ఇంకా తగ్గాయి. ఆ అంకెలకన్నా పనికొచ్చే సంగతి ఆ అధ్యయనంలో మరొకటుంది. ఎవరికి ప్రమాదం ఎక్కువ? గతంలో కాళ్ళలోగానీ ఊపిరితిత్తుల్లోగానీ రక్తం గడ్డ కట్టినవారికి, గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా ఉన్నవారికి, అరవై మీటర్లు కూడా నడవలేని స్థితిలో ఉన్నవారికి. ఈ మూడింటిలో ఏదైనా ఉంటే మొదటి రోజే సర్జన్‌కు, మత్తు డాక్టరుకు చెప్పాలి. "గురకేగా, అందరికీ ఉండేదే" అని ఊరుకోవద్దు. స్లీప్ స్టడీ చేయించి, అవసరమైతే నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీపాప్ మిషన్ ముందే అలవాటు చేసుకుని, ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు దాన్ని వెంట తీసుకెళ్ళాలి.

ఆపరేషన్‌లో ఏం చేస్తారో రెండు మాటల్లో చెప్పుకుందాం. ఇందులో స్లీవ్, బైపాస్ అని రెండు రకాలు. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువుగా స్టేప్లర్‌తో కత్తిరించి, ముప్పాతిక భాగానికి పైగా తీసేస్తారు. మిగిలేది అరటికాయంత గొట్టం. బైపాస్‌లో పైన చిన్న సంచి మిగిల్చి, దాన్ని చిన్నపేగుకు కలుపుతారు. రెండూ పొట్ట మీద నాలుగైదు చిన్న రంధ్రాల్లోంచే జరుగుతాయి. మామూలుగా రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపేస్తారు.

ఇక ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. "తర్వాత ఎలాగూ తినలేం కదా" అని చివరి బిర్యానీ, చివరి హలీం, చివరి డబుల్ కా మీఠా అంటూ వారమంతా విందులు చేస్తారు. బరువెక్కువున్న మనిషి కాలేయం కొవ్వు పట్టి ఉబ్బి ఉంటుంది. దాని ఎడమ తమ్మె సరిగ్గా జీర్ణాశయం మీదే పడుకుని ఉంటుంది. సర్జన్ దాన్ని పైకెత్తి పట్టుకుంటేనే కింద పనిచేయగలడు. ఉబ్బిన కాలేయం సులువుగా చిట్లుతుంది, రక్తం కారుతుంది, చూపుకు అడ్డం పడుతుంది. అందుకే రెండు వారాల పాటు రోజుకు 800 నుంచి 1000 క్యాలరీల్లోపు, ప్రొటీన్ ఎక్కువ, పిండిపదార్థం బాగా తక్కువ ఉండే ఆహారం ఇస్తారు. ఆ కాస్త వ్యవధిలోనే కాలేయం కళ్ళకు కనిపించేంత కుంచించుకుపోతుంది. మీ చేతిలో ఉన్న జాగ్రత్తల్లో నన్నడిగితే దీన్నే ముందు చెబుతాను.

షుగరున్నవాళ్ళు ఈ డైట్ మొదలుపెట్టే ముందే మందుల మోతాదు మార్పించుకోవాలి. తిండి సగానికి పడిపోయి ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ మాత్రం పాత మోతాదులోనే సాగితే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళు వాటిని ఎప్పుడు ఆపాలో కచ్చితంగా అడగాలి. తిండి తగ్గినప్పుడు అవి రక్తాన్ని ఆమ్లంగా మార్చే కీటోన్లు పెంచుతాయి. షుగరు అంకె మామూలుగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సెమాగ్లుటైడ్ లాంటి బరువు తగ్గే ఇంజక్షన్ తీసుకుంటున్నవారు మత్తు డాక్టరుకు ఆ మాట చెప్పాలి. కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది కాబట్టి పరగడుపున ఉన్నా లోపల తిండి ఉండొచ్చు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు రక్తం గడ్డ కట్టే ముప్పు పెంచుతాయి, కొన్ని వారాల ముందే ఆపమంటారు. సిగరెట్ కనీసం ఆరు వారాల ముందు మానాలి. బైపాస్ చేయించుకున్నవారు మళ్ళీ ముట్టకూడదు. సంచిని పేగుకు కలిపిన చోట పుండు పడుతుంది.

ఆపరేషన్‌కు ముందు గొట్టంతో కడుపు లోపల చూసే ఎండోస్కోపీ ఎందుకని విసుక్కునేవారున్నారు. ఛాతీలో మంట, పులితేన్పులు బాగా ఉన్నవారికి స్లీవ్ చేస్తే ఆ బాధ పెరగొచ్చు. వాళ్ళకు బైపాస్ నయమని ఆ పరీక్షతోనే తేలుతుంది. హెచ్ పైలోరీ క్రిమి ఉంటే ముందే మందులిచ్చి తగ్గిస్తారు.

ఇప్పుడు అసలు విషయం, ఆపరేషన్ తర్వాతి రోజులు.

మొదటి రెండు రోజుల భయం రక్తస్రావం. అప్పుడు మీరు ఆస్పత్రిలోనే ఉంటారు, చూసుకునేవాళ్ళుంటారు. నల్లగా విరోచనమైనా, కళ్ళు తిరిగినా చెప్పండి. మిగతాది వాళ్ళ పని.

లీక్, అంటే స్టేప్లర్ వేసిన చోట తెగి లోపలిది పొట్టలోకి కారడం, అలా కాదు. నూటికి ఒకరికి అటూ ఇటూగా వచ్చేదైనా అందరూ దానికే భయపడతారు, సకారణంగానే. స్లీవ్‌లో స్టేప్లర్ గీత పై నుంచి కిందిదాకా పొడుగ్గా ఉంటుంది. అది ఎక్కువగా తెగేది పై కొసన, అన్నవాహిక కలిసే చోటికి దగ్గర్లో. అక్కడ రక్తప్రసారం పలచన, సన్నని గొట్టంలో ఒత్తిడి ఎక్కువ. మధ్య వంపు దగ్గర ఇరుకైతే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మూడో రోజే బయటపడొచ్చు. చాలామందిలో అయిదో రోజుకూ పదో రోజుకూ మధ్య, అంటే ఇంట్లో ఉండగా బయటపడుతుంది. ఆస్పత్రిలో రంగు నీళ్ళు తాగించి తీసిన ఎక్స్‌రే బాగుందంటే ఆ రోజుకు బాగుందనే అర్థం.

దాన్ని ఇంట్లో పట్టుకోవడం ఎలా? కొవ్వు మందంగా ఉన్న పొట్టను నొక్కి చూస్తే లోపలి గొడవ అంతగా తెలియదు. జ్వరం కూడా ఆలస్యంగా వస్తుంది. అన్నిటికన్నా ముందు మారేది గుండె వేగం. కోవిడ్ నాటి పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో ఏ సొరుగులోనో పడి ఉంటుంది. కొత్త బ్యాటరీలు వేసి బయటికి తీయండి. అందులో రెండు అంకెలుంటాయి, ఒకటి ఆక్సిజన్, రెండోది నాడి. అందరూ మొదటిదే చూస్తారు, మనకు కావలసింది రెండోది. పది నిమిషాలు కదలకుండా కూర్చుని, వేలి గోరుకు రంగు లేకుండా చూసుకుని, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూసి కాగితం మీద రాయండి. కూర్చుని ఉన్నా గంటల తరబడి 100 పైనే ఉంటే సర్జన్‌కు ఫోన్ చేయాలి. 120 దాటి నిలిచిందంటే ఫోన్ చేస్తూనే ఆస్పత్రికి బయల్దేరాలి. దానికి ఎడమ భుజం నొప్పి, ఆయాసం, చలి, "ఏదో తేడాగా ఉంది" అనే అలజడి తోడైతే క్షణం ఆగొద్దు. ఒక మెలిక ఉంది. బీపీకి మెటోప్రొలాల్ లాంటి మందు వాడేవాళ్ళలో నాడి అంతగా పెరగదు. వాళ్ళు మిగతా లక్షణాలనే నమ్ముకోవాలి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. రాత్రిపూట నొప్పొస్తే గల్లీ చివర క్లినిక్‌కు వెళ్తారు. "గ్యాస్ పట్టేసింది" అని ఒక ఇంజక్షన్ వేసి పంపేస్తారు. తెల్లారేసరికి పొట్టంతా చీము. లీక్‌ను తొందరగా పట్టుకుంటే సీటీ స్కాన్ చేసి, చీము బయటికి తీసే గొట్టం వేసి, యాంటీబయాటిక్స్ ఇచ్చి, కొందరికి ఎండోస్కోపీతో స్టెంట్ పెట్టి నయం చేస్తారు. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. ఆలస్యమైతేనే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఆదిలాబాద్, ఖమ్మం లాంటి దూరాల నుంచి వచ్చినవారు డిశ్చార్జి కాగానే కారెక్కేయకుండా, పదో రోజు దాకా సిటీలో ఏ బంధువుల ఇంట్లోనో ఉంటే మంచిది.

ఇంటికొచ్చాక చూసుకోవలసిన వాటిలో రెండోది రక్తం గడ్డ. దీనికి గడువు దాదాపు నెల. కాలి పిక్కలో ఏర్పడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆపరేషన్ జరిగిన సాయంత్రమే లేపి నడిపించేది ఇందుకే. నొప్పిగా ఉందని పడుకునే ఉంటామంటే కుదరదు. కొందరికి రక్తం గడ్డ కట్టకుండా ఆపే ఇనాక్సాపారిన్ ఇంజక్షన్లు ఇంటి దగ్గర కూడా రాసిస్తారు. పొట్ట చర్మం మీద నీలం మచ్చలు పడుతున్నాయని మధ్యలో మానేస్తారు కొందరు. రాసినన్ని రోజులూ వేసుకోవాల్సిందే. ఒకే కాలు వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అది ఎమర్జెన్సీ. ఊరికి కారులో వెళ్ళేటప్పుడు గంటకోసారి దిగి అయిదు నిమిషాలు నడవాలి.

మూడోది ఎవరూ భయపడనిది. మళ్ళీ ఆస్పత్రిలో చేరాల్సి రావడానికి తరచూ కారణమయ్యేదీ అదే. ఒంట్లో నీళ్ళు తగ్గిపోవడం. ఏప్రిల్, మే నెలల హైదరాబాద్ ఎండల్లో మరీనూ. రోజుకు లీటరున్నర కావాలి, కానీ ఒక్కసారిగా గ్లాసుడు పట్టదు. 30 మిల్లీలీటర్ల టానిక్ కప్పుతో పది నిమిషాలకోసారి తాగితే గంటకు 180, లీటరున్నరకు ఎనిమిది గంటలు దాటుతుంది. అంటే మెలకువగా ఉన్నంతసేపూ పక్కన సీసా ఉండాల్సిందే. నీళ్ళు, వడగట్టిన పలుచని మజ్జిగ, కొబ్బరినీళ్ళు, పప్పు తేట. ఇరానీ చాయ్, సోడా ఇప్పట్లో వద్దు. మూత్రం చిక్కటి పసుపుకు తిరిగిందంటే కప్పుల లెక్క తప్పిందన్నమాట.

వాంతుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. గబగబా మింగినప్పుడో, మెత్తటి ఆహారం దశలోనే ఇడ్లీ ముక్క పెద్దది తిన్నప్పుడో ఒకటి రెండుసార్లు కావడం మామూలే. రెండు మూడు రోజులు ఆగకుండా అవుతుంటే గొట్టం ఎక్కడో ఇరుకైందేమో చూడాలి. ఎండోస్కోపీతో బెలూన్ పెట్టి వెడల్పు చేస్తారు. ఈలోగా ఇంకో ముప్పుంది. థయామిన్, అంటే బి1 విటమిన్, ఒంట్లో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. తిండి లేక, వాంతులు ఆగక అది అడుగంటితే నడక తూలుతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది, మాట తడబడుతుంది, మతి చెదురుతుంది. అలాంటి మనిషికి నీరసమని గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే ఉన్న కాస్త థయామిన్ కూడా ఖర్చయిపోయి మెదడు శాశ్వతంగా దెబ్బతినొచ్చు. గ్లూకోజ్ కన్నా ముందు థయామిన్ ఇంజక్షన్ పడాలి. ఈ ఒక్క మాట ఇంట్లో ఇద్దరికైనా నోటికి వచ్చి ఉండాలి.

ఇంకా కొన్ని ఉన్నాయి, నెలల మీద వచ్చేవి. మూడో నెల తర్వాత జుట్టు రాలుతుంది, చాలామందికి మళ్ళీ వస్తుంది. వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడతాయి, అందుకు ఆరు నెలలు మాత్రలిస్తారు. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం. శాకాహారులు బి12 విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వద్దు. బరువు తగ్గేకొద్దీ గర్భం నిలిచే అవకాశం పెరుగుతుందని పెళ్ళైన ఆడవాళ్ళకు ముందే చెప్పాలి. ఒళ్ళు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలతోనూ జాగ్రత్త. స్ట్రిప్ మీద పారాసిటమాల్ అని ఉన్నా పక్కన అసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఉన్నాయేమో చదవండి. ఉంటే వద్దు. బైపాస్ అయినవారికి అవి పుండు తెస్తాయి.

సర్జన్‌ను ఏం అడగాలి? "రిస్క్ ఉందా డాక్టర్?" అంటే "ఏం ఫర్వాలేదు" అనే జవాబే వస్తుంది. దానికి బదులు, "గతేడాది మీరు ఎన్ని చేశారు, ఎందరికి లీకైంది, అయినప్పుడు ఏం చేశారు?" అని అడగండి. రాత్రి ఒంటిగంటకు ఈ ఆస్పత్రిలో సీటీ స్కాన్, ఎండోస్కోపీ జరుగుతాయా అనీ అడగండి.

డబ్బు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. ప్యాకేజీ అంటే సాధారణంగా సవ్యంగా జరిగిన ఆపరేషన్ ఖర్చు. చిక్కొచ్చి ఐసీయూలో ఉండాల్సి వస్తే ఎవరు కడతారో రాతపూర్వకంగా అడగండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల్లో బీఎంఐ, అంటే ఎత్తును బట్టి వేసే బరువు లెక్క, 40 గానీ అంతకన్నా ఎక్కువగానీ ఉంటే, లేదా 35 గానీ అంతకన్నా ఎక్కువగానీ ఉండి అదుపులేని షుగరు, గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా లాంటివి ఉంటేనే ఆరోగ్య బీమా వర్తిస్తుంది. మన దేశంలో సర్జన్లు అంతకన్నా తక్కువ బీఎంఐకే ఆపరేషన్ సూచిస్తుంటారు. కాబట్టి డాక్టరు సరేనన్నా బీమా కంపెనీ కాదనొచ్చు.

డిశ్చార్జి రోజు ఆపరేషన్ నోట్ జిరాక్సు, సర్జన్ టీమ్ 24 గంటల నంబరు రెండూ అడిగి తీసుకుని, ఒక కాపీ పర్సులో, ఒకటి ఫ్రిజ్ తలుపు మీద పెట్టండి. ఏ రాత్రయినా వేరే ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాల్సి వస్తే కడుపునొప్పి అని మొదలుపెట్టకండి. "ఫలానా తారీఖున స్లీవ్ అయింది, ఇవాళ ఏడో రోజు, పొద్దుటి నుంచి నాడి 120 పైన ఉంది" అని చెప్పండి. రాసి ఉంచుకున్న కాగితం డ్యూటీ డాక్టరు చేతిలో పెట్టండి.

నమస్కారం.